ఊరికే దొరికే లెక్కలు

ఆ పొద్దున అతను లైబ్రరీలోకి వచ్చిన వాలకం చూసి, ఇంటి దగ్గర ఎవరికో ఏదో అయిందనుకున్నాను. ముఖంలో నెత్తురుచుక్క లేదు. నేరుగా వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"ఏమయ్యా, ఊళ్ళో అందరూ బాగానే ఉన్నారా?" అన్నాను.

"అందరు మంచిగనే ఉన్నరు మేడం. నేనే మంచిగ లేను. నేను దొంగ లెక్కలు రాసిన్నంట."

అవి తొంభైల చివరి సంవత్సరాలు. దోహాలో ఒక పరిశోధన సంస్థలో నేను లైబ్రేరియన్‌ని. మాది తెనాలి. మా ఆయన ఇంజినీరు, అల్ హిలాల్‌లో మా కాపురం. ఇతనేమో వరంగల్ వాడు. సముద్రశాస్త్రం చదివి మా సంస్థలో కాంట్రాక్టు మీద చేరాడు. నజ్మాలో మరికొందరు బ్యాచిలర్లతో కలిసి గదిలో ఉండేవాడు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడుతూ పెరిగిన మనిషి కాబట్టి రెండూ ధారాళంగా వచ్చేవి. ఆ ఆఫీసు మొత్తంలో తెలుగు తెలిసినవాళ్ళం మేమిద్దరమే. పని ఉన్నా లేకపోయినా రోజుకోసారి వచ్చి, నాతో నాలుగు మాటలు చెప్పి, నవ్వించి పోయేవాడు. అలాంటివాడు ఆ రోజు కుర్చీ చూపించినా కూర్చోలేదు.

సంగతేమిటంటే, ఉత్తరాన ఒక చిన్న అఖాతంలో వలల పంజరాలు దించి హమూర్ చేపలు పెంచాలని మా సంస్థ తలపెట్టింది. హమూర్ అంటే అక్కడివాళ్ళకి ప్రాణం. పంజరాల పథకం గీసింది యూరప్ నుంచి వచ్చిన ఒక కన్సల్టెంటు. ఆ నీళ్ళు ఎండాకాలంలో ఎంత వేడెక్కుతాయో కొలవడం మా వరంగల్ అబ్బాయి పని. వేసవంతా పడవలో వెళ్ళి పైన ఎంత, అడుగున ఎంత అని కొలిచాడు. పైన నీళ్ళు కాగుతాయని అందరికీ తెలుసు. అడుగున చల్లగా ఉంటుంది, ఎండ ముదిరితే చేపలు కిందికి దిగి బతుకుతాయి అని కన్సల్టెంటు ధీమా. ఇతని కొలతల్లో మాత్రం అడుగు కూడా పైతో సమానంగా కాగుతోంది. అంటే చేపలకి దిగడానికి చోటే లేదు. ఆ మాటే రిపోర్టులో రాశాడు.

కన్సల్టెంటు అది చదివి, అడుగున ఇంత వేడి ఉండనే ఉండదనీ, ఇతను పడవెక్కకుండా గదిలో ఏసీ కింద కూర్చుని అంకెలు అల్లాడనీ అన్నాడట. ముదీర్, అంటే మా డైరెక్టరు, ఖతారీ పెద్దమనిషి, ఇతన్ని శనివారం కమిటీ ముందుకి రమ్మన్నాడు. ఆ లోపల, ఇంకెవరైనా ఆ సముద్రంలో అడుగున అంత వేడి కొలిచినట్టు రుజువు చూపించాలి. చూపించకపోతే కాంట్రాక్టు రద్దు. ఊరికే రద్దు కాదు, కారణం కాగితం మీద రాసి మరీ పంపిస్తారు. దొంగ లెక్కల మనిషి అని ఒకసారి రాసిచ్చాక ఇక పరిశోధనలో ఎవరు రానిస్తారు?

"థర్మామీటరు పాడైందేమో?" అన్నాను.

"రెండు వాడిన మేడం. ఒకటి తప్పు జెప్పితే ఇంకోటి గూడ అదే తప్పు జెప్తదా?"

"పోనీ పడవ నడిపినాయన్ని సాక్ష్యం చెప్పమను."

"ఆయన లీవు మీద కేరళ పోయిండు. ఉన్నా నమ్ముతరా? మీరు మీరు ఒకటే అంటరు." అని గొంతు తగ్గించాడు. "అల్లా కసమ్ మేడం, ఒక్క అంకె గూడ అల్లలే. ఎండల వీపు తోలు ఊడింది. సూపియ్యమంటే సూపిస్త."

"వీపు చూపిస్తే కమిటీ ఒప్పుకోదు గానీ, ముందు కూర్చో" అన్నాను. మా వృత్తిలో మొదట నేర్పేది ఒకటుంది. మనిషి అడిగిన పుస్తకం వెంటనే తెచ్చి ఇవ్వకూడదు. అది దేనికో, ఎవరి ముందు పెట్టడానికో కనుక్కోవాలి. అడగ్గా అడగ్గా తేలిందేమిటంటే మాకు కావలసింది పుస్తకం కాదు. ఇదే సముద్రం, ఇలాంటి ఎండాకాలం, లోతు లోతుకీ వేడి, కొలిచినవాడు వేరొకడు. కొలిచిందెవరో, దేనితో కొలిచాడో కూడా దాని మీదే రాసి ఉండాలి. అలాంటిది మా అలమరల్లో లేదు. నాకు తెలుసు, ఆ అలమరలు సర్దింది నేనే.

అప్పటికి దోహాకి ఇంటర్నెట్ కొత్త. మా లైబ్రరీలో ఒక్క కంప్యూటరుకే ఆ లైను ఉండేది. అదీ మా లైబ్రరీ పెద్దాయన గదిలో. ఆయన సూడాన్ మనిషి, నెమ్మదస్తుడు, ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదు. దూరదేశాల్లో కొన్ని సమాచార కేంద్రాలున్నాయని, ఓడలవాళ్ళూ శాస్త్రవేత్తలూ కొలిచిన అంకెలన్నీ అక్కడ భద్రపరిచి, అడిగినవాళ్ళకి ఊరికే ఇస్తారని నాకు తెలుసు. డబ్బు అడగరు. నువ్వెవరని అడగరు. వాళ్ళ కంప్యూటరు తలుపు దగ్గర పేరు అడిగితే అనానిమస్, అంటే అనామకుడు, అని కొడితే చాలు, లోపలికి రానిస్తారు. మొదటిసారి అలా లోపలికి వెళ్ళినప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు. మెడలో బతాకా, అదే గుర్తింపు కార్డు, లేకపోతే మా ఆఫీసు గేటు దాటనివ్వరు నన్ను. అక్కడెక్కడో అమెరికాలో ఓడల లెక్కల గది తలుపు బార్లా తీసిపెట్టారు.

తలుపు తీసి ఉంటే సరిపోతుందా? లోపల ఏది ఎక్కడుందో తెలియాలి. పెద్దాయన్ని బతిమాలి ఆ కుర్చీలో కూర్చుని, జాబితాలో 'అరేబియన్ గల్ఫ్' అని వెతికాను. ఏమీ లేదన్నది. ఖతార్ అని కొట్టాను, లేదు. దోహా, లేదు. ఆ జాబితా పేరులోని మొదటి మాటను బట్టే వెతికేది. 'అరేబియన్' అని ఒక్క ముక్కే కొడితే ఎన్నో ఓడల ప్రయాణాలు బారుగా వచ్చాయి. మా ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. ఆ దస్త్రం దించుకోవడానికి ఆ పూటంతా పట్టింది. మధ్యలో ఎవరో పెద్దాయనకి ఫోన్ చేస్తే, ఫోనుకీ దీనికీ ఒకటే లైను కాబట్టి, తెగింది. మళ్ళీ మొదటికి. తల ప్రాణం తోకకొచ్చింది. తీరా తెరిచి చూస్తే, అతను లోతుల వరస మీద వేలు పెట్టి దీనంగా నా వైపు చూశాడు.

"గిది మన సముద్రం గాదు మేడం. గింత లోతు ఈడ ఏడుంది? గిది ఒమన్ అవతలి అరేబియా సముద్రం. అడుగున మస్తు సల్లగుంది."

అంటే మాకు దొరికింది కన్సల్టెంటు మాటకే బలం. మర్నాడు కూడా అలాగే గడిచింది. చేపల పేర్లతో వెతికాం, ఓడరేవుల పేర్లతో వెతికాం. మధ్యాహ్నం కన్సల్టెంటు స్వయంగా లైబ్రరీకి వచ్చాడు. పత్రిక తిరగేస్తున్నట్టు నటించి, "ఇంకా దొరకలేదా?" అని ఎంతో మర్యాదగా అడిగాడు. "లేనిది ఎలా దొరుకుతుందిలే" అన్నట్టు చిన్న నవ్వు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "వెతుకుతున్నాం సార్, శనివారం దాకా గడువుంది కదా" అన్నాను. ఆయన వెళ్ళగానే తెలుగులో నాలుగు అక్షింతలు వేశాను. మా వరంగల్ అబ్బాయికి ఆ స్థితిలో కూడా నవ్వొచ్చింది. వెంటనే ఆ నవ్వు పోయింది. "మేడం, నాకే డౌటొస్తుంది. నేను నిజంగనే కొలిసిన్నా?" అన్నాడు. ఆ మాటకి నాకు భయం వేసింది. చేయని నేరాన్ని చేశానేమో అనుకునే దాకా వచ్చాడు పిల్లాడు.

బుధవారం పొద్దున మామూలు పనులు ముందేసుకున్నాను. కొత్త అట్లాసు ఒకటి వచ్చింది. కొత్త పటమేది వచ్చినా దాన్ని అలమరలో పెట్టేముందు మా దగ్గర ఒక తంతు ఉంది. ఆ ఒడ్డున ఉన్న అరబ్బులందరికీ ఆ నీళ్ళు అరేబియన్ గల్ఫ్. బయటి దేశాల్లో అచ్చయిన పటాల్లో మాత్రం పర్షియన్ గల్ఫ్ అని ఉంటుంది. ఆ పర్షియన్ అన్న మాట కంటబడితే మా సంస్థలో పెద్ద గొడవ. అందుకని ప్రతి పటం మీదా నల్ల మార్కర్‌తో ఆ మాట కప్పేయాలి. ఆ పని నాది. ఉప్పు డబ్బా మూత పెట్టినంత అలవాటుగా చేసేదాన్ని.

మార్కర్ మూత తీసి, అక్షరాల మీద ఆనించబోయి ఆగిపోయాను. నా మొహం మండ! ప్రపంచమంతా ఆ నీళ్ళ లెక్కలు ఏ పేరు కింద దాచిందో ఆ పేరు మీద మసి పూస్తూ, వెతికేటప్పుడేమో ఇక్కడి పేరుతో వెతుకుతున్నాను. తెనాలి హైస్కూల్లో గోడకి పటం తగిలించి, బెత్తంతో చూపిస్తూ మా మాస్టారు నేర్పింది 'పర్షియా సింధుశాఖ' అనే కదా! ఎన్నేళ్ళుగానో ఆ మాట నోటితో అనకుండా, చేత్తో రాయకుండా ఉండి ఉండి, అది ఉన్నట్టే మర్చిపోయాను. వరంగల్ అబ్బాయికీ అంతే. చేరిన మొదటి వారంలోనే ఆ మాట రాసి చీవాట్లు తిన్నాడట. ఆ తర్వాత కలలో కూడా రాసి ఉండడు.

పరుగున పెద్దాయన గదికి వెళ్ళి విషయం చెప్పాను. ఆయన ముందు తలుపు వేశాడు.

"ఉఖ్తీ," అన్నాడు. చెల్లెమ్మా అని. "ఆ మాట ఈ గదిలోంచి పంపొద్దు. టెలిఫోను లైన్లో ఏం వెళ్తోందో ఎవరు చూస్తున్నారో నాకు తెలియదు. నాకు నలుగురు పిల్లలు."

ఆయన భయం నాకు అర్థమైంది. అయినా కోపం ఆగలేదు. "మీ పిల్లల్లాంటివాడే బయట కూర్చున్నాడు సార్. వాడు దొంగ కాదని మీకూ తెలుసు. ఒక మాటకి జడిసి వాణ్ణి దొంగని చేసి పంపుదామా?" అన్నాను.

ఆయన చాలాసేపు బల్ల మీది పెన్నుల్ని సర్దాడు. ఇంతలో మధ్యాహ్నం బాంగు వినిపించింది. లేచి, తాళాల గుత్తి బల్ల మీదే వదిలేసి, "నేను నమాజుకి వెళ్తున్నాను. ఇవాళ మెల్లగా చదువుకుంటాను. రావడం ఆలస్యమవుతుంది" అన్నాడు. నా మొహంలోకి చూడకుండా వెళ్ళిపోయాడు.

అబ్బాయిని లోపలికి పిలిచాను. "తప్పిన నమాజు తర్వాత ఖజా కింద చదువుకుంట, ముందు గిది సూద్దాం మేడం" అంటూ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఆ మాట ఒక్కొక్క అక్షరమే చూసుకుంటూ కొట్టాను. ఎంటర్ నొక్కాను. మోడెము దీపాలు మిణుకుమన్నాయి. తర్వాత తెర మీద కిందికి దిగుతూ, దిగుతూ, ఓడల పేర్లు. ఒక్కటి కాదు రెండు కాదు. మేము లేదు లేదు అనుకున్న సముద్రమంతా అక్కడ వరసగా ఉంది.

"యా అల్లా" అన్నాడతను.

అన్నీ దించుకునే వ్యవధి లేదు. ఎండాకాలంలో వచ్చిన ఓడలు ఏవి? వాటిలో లోతు వారీగా కొలిచినవి ఏవి? కొలిచిన చోటు అక్షాంశాలు మా అఖాతానికి దగ్గరగా ఉన్నవి ఏవి? అతను గోడ మీది పటంలో వేలితో చోటు చూసి చెబుతుంటే, నేను జాబితాలోంచి ఏరుతూ పోయాను. చివరికి ఒక ఓడ మిగిలింది. చాలా ఏళ్ళ కిందట, నడి వేసవిలో, మా తీరం పక్కనే ఆగి కొలిచిన ఓడ. దాని దస్త్రం దించడం మొదలుపెట్టాను. ఫోన్ మోగకూడదని దేవుళ్ళందరికీ మొక్కాను. వరండాలో నమాజు నుంచి తిరిగొస్తున్నవాళ్ళ అడుగులు వినిపిస్తున్నాయి. పెద్దాయన గది కాబట్టి ఎవరైనా తలుపు తోసుకుని రావచ్చు. అతను వెళ్ళి తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు.

దస్త్రం పూర్తిగా దిగింది. తెరిచాను. పైన వేడి ఒక వరస, దాని కింద లోతు పెరిగే కొద్దీ ఒక్కో వరస. అతను తలుపు వదిలేసి వచ్చి వంగి చదివాడు. అడుగు వరస దగ్గర ఆగాడు. అదే వేడి. పైనా కిందా ఒకే వేడి.

"అక్కా" అన్నాడు. అప్పటిదాకా మేడం అనేవాడు. "అక్కా, గిది నా లెక్కనే. నేను కొలిసిందే."

రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చేశాడు. నాకూ కళ్ళు నిండాయి. ఇద్దరం కళ్ళు తుడుచుకుని ప్రింటు కొట్టాం. కాగితాలు బయటికి వస్తుంటే చూసుకున్నాం అసలు సంగతి. ప్రతి పేజీ నెత్తిన పెద్ద అక్షరాల్లో ఆ సముద్రం పేరు. ఓడ పేరు, కొలిచినవాళ్ళ పేర్లు, పరికరం పేరు, వాటన్నిటికంటే పైన 'పర్షియన్ గల్ఫ్'.

అతను నా బల్ల దగ్గరికి వెళ్ళి మార్కర్ తీసుకున్నాడు.

"పెట్టేయ్ అది" అన్నాను.

"అక్కా, ముదీర్ ఈ పేరు జూస్తే లోపలి అంకెలు సూడనే సూడడు. కాగితాలు నా మొఖాన గొట్టి బయటికి నూకుతడు."

"మసి పూసి పట్టుకెళ్తే? నీ మీద ఉన్న నింద ఏమిటి? కాగితం మీద లేనిపోనిది రాశావనే కదా! ఆ మనిషికి నల్ల గీతలున్న కాగితం అందిస్తే ఊరుకుంటాడా? ఈ గీత కింద ఏముంది, ఇంకెక్కడెక్కడ చెయ్యి పెట్టావు అని అడగడూ?"

"అయితే పైభాగం కత్తిరించి జిరాక్స్ దీద్దాం."

"కొలిచిందెవరో, ఎక్కడ కొలిచారో అదంతా పైభాగంలోనే ఉంది. అది కత్తిరిస్తే మిగిలేవి ఒట్టి అంకెలు. ఒట్టి అంకెలు నేనూ రాయగలను, నువ్వూ రాయగలవు. మూలం ఎలా దొరికిందో అలాగే ఇవ్వాలి. నా ఉద్యోగంలో నేను గట్టిగా నమ్మేది అదొక్కటే."

"మీకేం పోతది అక్కా?" అన్నాడు గభాలున. "పోయేది నా నౌకరీ, నా ఇజ్జత్."

ఆ మాట గుచ్చుకుంది. అందులో అబద్ధం లేదు మరి. ఆ కాగితాలు తీసుకుని ఫైల్లో పెట్టి, "ఇవి లైబ్రరీ తెప్పించిన కాగితాలు. శనివారం నేనే తెచ్చి ముదీర్ చేతికిస్తాను. తిట్లు పడితే నేను పడతాను" అన్నాను. అతను మార్కర్ బల్ల మీద పెట్టాడు.

ఇంట్లో చెబితే మా ఆయన అన్నం తింటున్నవాడల్లా చెయ్యి ఆపేశాడు. "నీకెందుకే ఈ తలనొప్పి? అక్కడ నీ ఉద్యోగం ఊడితే ఊడింది, మాట బయటికి పొక్కి నా కంపెనీ దాకా వస్తేనో?" అన్నాడు. ఆయన్నీ తప్పు పట్టలేను. ఆ శుక్రవారం మా ఇంట్లో ఎవరం సరిగ్గా మాట్లాడుకోలేదు.

శనివారం కమిటీ గదిలో పొడవాటి బల్ల. అటు చివర ముదీర్, పక్కన కన్సల్టెంటు, ఇంకా ఇద్దరు ముగ్గురు. ఇటు చివర మా అబ్బాయి నిలబడి ఉన్నాడు, కూర్చోమని ఎవరూ అనలేదు. నన్ను పిలిచారు. నడిచి వెళ్ళి ముదీర్ ముందు ఫైలు పెట్టాను. ముందే అనుకున్న మాట అనేశాను.

"సార్, ఈ కాగితాల మీద మీకు నచ్చని మాట ఒకటుంది. అది వీటిని భద్రపరిచినవాళ్ళు పెట్టుకున్న పేరు. నేను చెరపలేదు. చెరిపితే ఇది రుజువు కాకుండా పోతుంది."

ముదీర్ ఫైలు తెరిచాడు. మొదటి పేజీ చూశాడు. ఆయన దవడ బిగుసుకోవడం నాకు కనిపించింది. మా అబ్బాయి కళ్ళు మూసుకున్నాడు. అయిపోయింది, ఇక లాభం లేదు అనుకున్నాను.

ముదీర్ జేబులోంచి పెన్ను తీశాడు. ఆ మాటని కొట్టేసి, పైన అరబీలో తమ పేరు రాసి, పక్కన సంతకం చేశాడు. పేజీ తిప్పాడు. మళ్ళీ కొట్టేశాడు, మళ్ళీ రాశాడు, మళ్ళీ సంతకం. ఆఖరి పేజీ దాకా తొందర లేకుండా అలాగే చేసి, ఫైలుని కన్సల్టెంటు వైపు జరిపాడు.

కన్సల్టెంటు, "ఇవి దిద్దిన కాగితాలు, వీటిని..." అని ఏదో అనబోయాడు.

"దిద్దింది నేను. సంతకమూ నాదే," అన్నాడు ముదీర్. "నువ్వు అంకెలు చదువు."

చదివాడు. మా అబ్బాయి రిపోర్టు పక్కన పెట్టుకుని ఒక్కొక్క వరసే చూశాడు. చూస్తున్న కొద్దీ మెడ ఎర్రబడింది. చివరికి గొంతు సవరించుకుని, ఇతని కొలతలు కల్పితం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానన్నాడు. మా అబ్బాయి ఊపిరి వదలడం నాకు వినిపించింది.

అంతటితో లేస్తారనుకున్నాను. కన్సల్టెంటు మాత్రం ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. నీళ్ళు వేడెక్కే మాట నిజమే అయినా పంజరాలు ఇంకాస్త లోతున్న చోటికి జరిపితే ఇబ్బంది ఉండదట. ఇంకో సంగతి కూడా ఉందట. ఈ లెక్కలు కంప్యూటర్లో ఊరికే దొరుకుతున్నాయి కదా, ఇక పడవ దేనికి, డీజిల్ దేనికి, కొలవడానికి ప్రత్యేకంగా ఒక మనిషి దేనికి? ముదీర్ గడియారం చూసుకుని తల ఊపాడు. కాంట్రాక్టు నెలాఖరుకి ముగిస్తామనీ, మంచి సర్టిఫికెట్ ఇస్తామనీ చెప్పారు. అంతా కలిపి బల్ల మీది సులైమానీ, పాలు లేని టీ, చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

నేనే వెతికి తెచ్చిన కాగితం చూపించి ఆ పిల్లాణ్ణి పంపేశారు. వరండాలోకి వచ్చాక, "వీళ్ళ మొహాలు మండ, వీళ్ళ చేపలు మండ" అని నోటికొచ్చినట్టు తిట్టాను. అతను మెట్ల మీద కూలబడ్డాడు.

"ఊకో అక్కా. దొంగ గాదన్నరు. గది చాలు."

కాసేపు ఆగి, "పంజరాలు లోతుకు జరిపినా లాభం లేదక్కా. ఆడ గూడ కొలిసిన. ఆడ గూడ గంతే వేడి. గా మాట నేను జెప్తనే ఉన్న, ఎవరు ఇనలే" అన్నాడు.

ఆ మాటతో నాకు బుర్ర వెలిగింది. ఇతని కొలతలు ఈ ఆఫీసులో ఉంటే ఏ బీరువాలోనో మూలపడి చెదలు పట్టిపోతాయి. ఆ సమాచార కేంద్రం ఇవ్వడమే కాదు, తీసుకుంటుంది కూడా. సంస్థ అనుమతి కావాలి కాబట్టి మర్నాడే ముదీర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన ఆశ్చర్యంగా చూసి, "ఇవి ఎవరిక్కావాలి?" అన్నాడు గానీ సంతకం పెట్టాడు. ఆ నెలంతా ఇద్దరం కూర్చుని అతని అంకెల్ని వాళ్ళు అడిగే పద్ధతిలో ఎక్కించాం. ఏ చోట, ఎంత లోతున, ఏ పరికరంతో, ఎవరు కొలిచారు. ఆ ఆఖరి గడిలో తన పేరు తనే టైపు చేసుకున్నాడు. ఆ వారంలోనే వరంగల్ వెళ్ళిపోయాడు. హన్మకొండలో ఏదో ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతున్నానని తర్వాత కబురు చేశాడు.

పైయేడు వేసవిలో, ఎండలు ముదిరిన రోజుల్లో, కన్సల్టెంటు లైబ్రరీకి వచ్చాడు. ఈసారి పత్రిక తిరగేసే వేషాలు లేవు. మనిషి సగమయ్యాడు. పంజరాల్లో హమూర్ చేపలన్నీ ఒక్క వారంలో చచ్చి తేలాయట. తప్పు పంజరాలది కాదు, నీళ్ళదే అని ముదీర్‌కి రుజువు చూపించాలట. ఆ అఖాతంలో, పంజరాలున్న లోతులో, ఈ మధ్య కాలంలో ఎవరైనా కొలిచిన లెక్కలు ఎక్కడైనా ఊరికే దొరుకుతాయా అని అడిగాడు.

"దొరుకుతాయి సార్" అన్నాను.

పెద్దాయన గదిలో కూర్చోబెట్టి, ఆయన కళ్ళ ముందే వెతికాను. ప్రింటు తీసి చేతికిచ్చాను. మొదటి పేజీలో కొలిచినవాడి పేరు దగ్గర ఆయన చూపు ఆగిపోయింది. తర్వాత అంకెలు మాత్రం తన పుస్తకంలోకి ఎక్కించుకోబోయాడు.

"మూలం కూడా రాయాలి సార్," అన్నాను. "కొలిచినవారి పేరు పూర్తిగా. లేకపోతే కమిటీ ఒప్పుకోదు, మీకు తెలుసు కదా."

రాశాడు. రాయడం అయ్యేదాకా కదలకుండా పక్కనే నిలబడ్డాను. ఏడాదిగా కడుపులో రగులుతున్నది కాస్త చల్లారినట్టనిపించింది. సంతోషించాను, నేనేం దేవతని కాదు కదా.

ఇంటికి రాగానే హన్మకొండ కాలేజీకి ఐఎస్‌డీ కాల్ చేశాను. అతన్ని క్లాసులోంచి పిలుచుకొచ్చారు. "నువ్వు గెలిచావురా తమ్ముడూ!" అని మొదలుపెట్టి ఉన్నదంతా గుక్కతిప్పుకోకుండా చెప్పాను. కన్సల్టెంటు మొహం ఎలా మాడిందో, పేరు రాసేటప్పుడు పెన్ను ఎలా ఆగిందో, అన్నీ. అవతల నవ్వు వినిపిస్తుందనుకున్నాను. వినిపించలేదు.

"చేపలన్ని సచ్చినయా అక్కా?" అన్నాడు.

"అన్నీ అనే చెప్పారు."

లైన్లో చాలాసేపు గరగర తప్ప ఏమీ లేదు. తెగిందేమో అనుకుని హలో హలో అన్నాను.

"పాపం," అన్నాడు. "అడుగుకు దిగి సూసినయేమో అక్కా. సల్లగుంటదని."